స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు: విద్యార్థులకు చట్టం, టెక్నాలజీ, సైబర్ భద్రత కలిపి చెప్పాల్సిన పాఠం

కులం పేరుతో తిట్టిన మెసేజ్ పట్టుకుని ఒక విద్యార్థి పోలీస్ స్టేషన్‌కు వెళ్తాడు. చేతిలో స్క్రీన్‌షాట్ ఉంటుంది. "ఇలాంటిది ఎవడైనా తయారు చేస్తాడు, అసలు మెసేజ్ చూపించు" అంటాడు ఎస్సై. ఫోన్ తెరిచి చూస్తే సందేశం తొలగించారన్న ముక్క తప్ప ఇంకేమీ ఉండదు. పంపినవాడు అప్పటికే డిలీట్ కొట్టేశాడు. క్లాసు గ్రూపులో ఉన్న వాళ్లంతా చూశారు. సాక్ష్యం చెప్పడానికి ముందుకొచ్చేది మాత్రం ఒకరో ఇద్దరో.

హాస్టల్ గదుల్లో, అంబేద్కర్ భవనాల్లో, ఆదివారం పూట యూనివర్సిటీ విద్యార్థులతో మేము నడుపుతున్న పాఠాల్లో ఏదో ఒక రూపంలో ఈ కథ మళ్లీ మళ్లీ ఎదురవుతోంది. ఎల్‌ఎల్‌బీ చదివే పిల్లలకు అట్రాసిటీ చట్టం సెక్షన్లు నోటికి వస్తాయి, కానీ హ్యాష్ అంటే ఏమిటో తెలియదు. బీటెక్ పిల్లలు హ్యాష్ లెక్కించే ప్రోగ్రాం పది నిమిషాల్లో రాసేస్తారు, కానీ ఆ మాట ఇప్పుడు మన సాక్ష్య చట్టంలోకే వచ్చిందని వాళ్లకు తెలియదు. న్యాయశాస్త్ర విభాగంలో ఐటీ చట్టం ఓ ఐచ్ఛిక పేపరు. కంప్యూటర్ విభాగంలో సైబర్ భద్రత అంటే బ్యాంకులను కాపాడే విద్య. ఈ రెండు గదుల మధ్య గోడ ఉన్నంతకాలం నష్టపోయేది మన పిల్లలే. అందుకే ఈ రెండు పాఠాలనూ కలిపి చెప్పాలనుకున్నాం. అలా చెబుతూ మేము నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాం. సొంతంగా తరగతులు పెట్టుకోవాలనుకునే విద్యార్థి సంఘాలకు పనికొస్తుందని మా ఆశ.

నలుగురి ఎదుట అంటే ఏమిటి?

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించాక కులదూషణకు సంబంధించిన అంశాలు సెక్షన్ 3(1)లోని ఆర్, ఎస్ క్లాజుల్లోకి వచ్చాయి. అవమానించాలనే ఉద్దేశంతో కించపరచడం మొదటిది, కులం పేరుతో తిట్టడం రెండోది. రెండింటికీ ఒక షరతు ఉంది. అది ప్రజల కంటికి కనబడే చోట జరగాలి. 'బహిరంగ ప్రదేశం' వేరు, 'ప్రజల కంటికి కనబడే చోటు' వేరు అని సుప్రీంకోర్టు 2008లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. ఇంటి గేటు దగ్గర తిట్టినా, దారిన పోయేవాళ్లు వినగలిగితే చాలు. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాటకు ఈ క్లాజు వర్తించదని 2020లో హితేశ్ వర్మ కేసులో అదే కోర్టు చెప్పింది.

మరి ఇంటర్నెట్‌కు గోడలు ఎక్కడున్నాయి? 2022 జులైలో కేరళ హైకోర్టు దీనికి సూటిగా జవాబిచ్చింది. ఒక ఎస్టీ మహిళను యూట్యూబ్ వీడియోలో దూషించిన కేసు అది. తిట్టేటప్పుడు ఆమె ఎదురుగా లేదు కదా అని నిందితుడు వాదించాడు. ఆ వీడియోను ఎవరు ఎప్పుడు తెరిచి చూసినా బాధితురాలు అక్కడ ఉన్నట్టే లెక్క అని చెప్పి కోర్టు ముందస్తు బెయిల్ నిరాకరించింది. మా తరగతుల్లో పిల్లలు చప్పట్లు కొట్టే తీర్పు ఇది. కానీ అక్కడితో ఆపకూడదు. 2024 ఆగస్టు 23న షాజన్ స్కారియా కేసులో సుప్రీంకోర్టు, ఎస్సీ వర్గానికి చెందిన ఎమ్మెల్యేను విమర్శించిన వీడియో విషయంలో, ఆ అవమానానికి కులమే కారణమని ప్రాథమికంగా కనబడటం లేదంటూ నిందితుడికి ముందస్తు బెయిల్ ఇచ్చింది. బాధితుడు దళితుడు కావడం ఒక్కటే సరిపోదు, ఆ మాటకూ కులానికీ ఉన్న లంకె ఫిర్యాదులో కనబడాలన్నది ఆ తీర్పులోని మెలిక. దానితో మనకు పేచీ ఉండొచ్చు. ఫిర్యాదు రాసేటప్పుడు మాత్రం దాన్ని మరవకూడదు. "నన్ను కులం పేరుతో దూషించారు" అని రాసి ఊరుకుంటే కేసు బలహీనపడుతుంది. ఏ మాట అన్నాడో, ఏ తేదీన, ఏ గ్రూపులో, అందులో ఎంతమంది ఉండగా అన్నాడో యథాతథంగా రాయాలి. బూతు రాయడానికి సిగ్గుపడి చుక్కలు పెట్టే అలవాటు మన పిల్లల్లో చాలామందికి ఉంది. ఆ చుక్కలు నిందితుడికే అక్కరకొస్తాయి.

ఇద్దరి మధ్య ప్రైవేటు చాట్‌లో వచ్చిన తిట్టు సంగతేమిటని ప్రతి తరగతిలోనూ అడుగుతారు. ఆర్, ఎస్ క్లాజులు అక్కడ నిలవడం కష్టం. కానీ దారులన్నీ మూసుకుపోలేదు. ఎస్సీ, ఎస్టీ మహిళను ఉద్దేశించి లైంగికపరమైన మాటలు అనడాన్ని నేరంగా చెప్పే 3(1)(డబ్ల్యూ)కు ప్రజల కంటపడాలన్న షరతు లేదు. బెదిరింపు, వెంటపడి వేధించడం వంటి నేరాలు బాధితుల కులం తెలిసి చేస్తే 3(2)(వీఏ) వర్తిస్తుంది. అంబేద్కర్ వంటి మహనీయులను కించపరిచే పోస్టులకు 3(1)(వీ) ఉంది. మన వర్గాల మీద ద్వేషం రెచ్చగొట్టే రాతలకు 3(1)(యూ) ఉంది. "ఫలానా వాడలోని వాళ్లను పనికి పిలవొద్దు" అని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టే పోస్టు సాంఘిక బహిష్కరణ కిందికి, అంటే 3(1)(జెడ్‌సీ) కిందికి వస్తుంది. ఒకప్పుడు డప్పు వేసి చెప్పించిన మాటను ఇప్పుడు గ్రూపులో ఫార్వర్డ్ చేస్తున్నారు. మనకొక వెసులుబాటు ఏమిటంటే డప్పు చప్పుడు గాలిలో కలిసిపోయేది, ఫార్వర్డ్‌కు ఆనవాలు మిగులుతుంది.

ఆనవాలును కాపాడుకోవడం

ఎక్కువ సమయం దీని మీదే గడపండి. కేసులు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. తెలుగు నేల మీద చుండూరు కన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. ప్రాసిక్యూషన్ సాక్ష్యాలను నమ్మలేమన్నదే అందుకు చెప్పిన కారణం. ఆ తీర్పు మీద మనకున్న కోపం మనకుంది. కానీ సాక్ష్యంలో ఎక్కడ సందు దొరికినా అది మనకు వ్యతిరేకంగానే పనిచేస్తుందన్న సంగతిని చుండూరు తర్వాత పుట్టిన తరానికి ఎవరో ఒకరు చెప్పాలి.

ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలన్న నిబంధన పాత సాక్ష్య చట్టంలో 65బి సెక్షన్‌గా ఉండేది. అది తప్పనిసరి అని 2014లో అన్వర్ కేసులోనూ, మధ్యలో కొంత గందరగోళం తర్వాత 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులోనూ సుప్రీంకోర్టు తేల్చింది. అసలు పరికరాన్నే కోర్టుకు తెచ్చి, దాని యజమాని సాక్ష్యం చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదు. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఆ సంగతి సెక్షన్ 63లో ఉంది. సర్టిఫికెట్ నమూనా చట్టం చివర షెడ్యూల్‌లోనే ఇచ్చారు. దానికి రెండు భాగాలు. పార్ట్ ఏ మీద పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు సంతకం చేయాలి, పార్ట్ బి మీద నిపుణుడు సంతకం చేయాలి. రెండింటిలోనూ ఆ ఫైలు హ్యాష్ విలువ రాయాలి.

హ్యాష్ అంటే ఏమిటో బీటెక్ పిల్లల చేతనే చెప్పించండి. మేము ఇచ్చే పోలిక బియ్యం బస్తా కుట్టు. బస్తాలో ఏముందో కుట్టును చూస్తే తెలియదు, కానీ ఎవరైనా విప్పి మళ్లీ కుడితే ఇట్టే తెలిసిపోతుంది. ఫైలును షా 256 అనే లెక్కకు ఇస్తే 64 అక్షరాలూ అంకెలూ కలిసిన వరస వస్తుంది. ఫోటోలో ఒక్క చుక్క మారినా ఆ వరస పూర్తిగా మారిపోతుంది. విండోస్ కంప్యూటర్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆదేశంతో, లినక్స్‌లో షా256సమ్‌తో పైసా ఖర్చు లేకుండా ఇది తీయొచ్చు. తరగతిలో అందరి చేతా చేయించండి. తర్వాత అదే ఫోటోను వాట్సాప్‌లో పంపించి, వచ్చిన కాపీకి మళ్లీ హ్యాష్ తీయమనండి. రెండూ కలవవు. వాట్సాప్ ఫోటోను కుదిస్తుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాలను తీసేస్తుంది. "నా స్నేహితుడికి ఫార్వర్డ్ చేసి పెట్టా, సేఫ్‌గా ఉంది" అనే మాట ఆ రోజుతో ఆగిపోతుంది. ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుందని కూడా అప్పుడే చూపించాలి.

మెసేజ్ కనబడగానే ఏం చేయాలి? ముందు, తిరిగి తిట్టొద్దు. గ్రూపులోంచి బయటికి రావొద్దు. చాలామంది అవమానం భరించలేక వెంటనే ఎగ్జిట్ అవుతారు, ఆ బాధ మాకు అర్థమవుతుంది. కానీ లోపల ఉన్నవాళ్లకే సభ్యుల జాబితా, పంపినవాడి నంబర్ కనబడతాయి. ఇంకో ఫోన్‌తో వీడియో తీయాలి. గ్రూపు పేరు దగ్గర మొదలుపెట్టి, సభ్యుల జాబితా, పంపినవాడి ప్రొఫైల్, నంబర్, మెసేజ్, తేదీ, సమయం వరకూ ఆపకుండా తీయాలి. చాట్ ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఫేస్‌బుక్, ఎక్స్, యూట్యూబ్ అయితే లింకును పూర్తిగా రాసుకోవాలి. పేరు మార్చుకున్నా ఖాతా చిరునామాను బట్టి పట్టుకునే వీలుంటుంది. ఎవరెవరు చూశారో ఆ రోజే కాగితం మీద రాసి తేదీ వేసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఫోన్‌ను అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు. వాట్సాప్ కంపెనీ చేరిన మెసేజ్‌లను తన దగ్గర దాచుకోదు. అవి ఉండేది పంపినవాడి ఫోన్‌లో, చూసినవాళ్ల ఫోన్లలో మాత్రమే. ఆండ్రాయిడ్‌లో నోటిఫికేషన్ హిస్టరీ ముందుగా ఆన్ చేసి ఉంటే, డిలీట్ అయిన మెసేజ్ తాలూకు మాటలు 24 గంటల పాటు అక్కడ కనబడే అవకాశం ఉంది. ఈ చిన్న సంగతి చెప్పగానే గదిలో సగం మంది సెట్టింగ్స్ తెరుస్తారు.

ఆలస్యం పనికిరాదనడానికి ఇంకో కారణం ఉంది. తొలగించిన సమాచారాన్ని, మూసేసిన ఖాతాల వివరాలను సామాజిక మాధ్యమ సంస్థలు 180 రోజులు దాచాలని 2021 ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. అది దాటాక పోలీసులు లేఖ రాసినా ఫలితం ఉండదు. ఫిర్యాదులోనే "సదరు ఖాతా వివరాలను భద్రపరచమని సంస్థకు తక్షణం రాయగలరు" అన్న వాక్యం చేర్చమని మేము చెబుతాం.

ఫోన్ ఏం దాచిపెట్టగలదో తెలియాలంటే ముంబై రెసిడెంట్ డాక్టర్ పాయల్ తడ్వీ కేసు చెప్పాలి. ఆదివాసీ అయిన ఆమె 2019 మే నెలలో, సీనియర్ల కుల వేధింపుల ఆరోపణల మధ్య ఆత్మహత్య చేసుకుంది. రాసిన కాగితం గదిలో దొరకలేదు. ఆ కాగితానికి ఆమె తీసుకున్న ఫోటోలు ఆమె ఫోన్‌లోంచి ఫోరెన్సిక్ పరీక్షలో బయటపడ్డాయి. ఈ సంగతిని తరగతిలో జాగ్రత్తగా చెప్పండి. వినే పిల్లల్లో అలాంటి వేధింపులు అనుభవిస్తున్నవాళ్లు ఉండొచ్చు. మేము దీన్ని చెప్పిన రోజు తరగతి అయ్యాక కనీసం గంటసేపు అక్కడే కూర్చుంటాం.

స్టేషన్ గుమ్మం దగ్గర

"ప్రాథమిక విచారణ చేసి చెబుతాం" అని తిప్పి పంపడం కొత్త చట్టాల తర్వాత పెరిగింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేయొచ్చని బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173(3) చెబుతోంది. కులదూషణకు గరిష్ఠ శిక్ష ఐదేళ్లు కాబట్టి ఆ సెక్షన్ చూపిస్తారు. అప్పుడు విద్యార్థి చూపించాల్సింది అట్రాసిటీ చట్టంలోని 18ఏ. ఎఫ్‌ఐఆర్ నమోదుకు ప్రాథమిక విచారణ అక్కర్లేదని అందులో స్పష్టంగా ఉంది. ఈ సెక్షన్ ఊరికే రాలేదు. 2018 మార్చి 20న సుభాష్ మహాజన్ తీర్పు చట్టానికి కోరలు పీకితే, ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది. ఆ బంద్‌కు పెద్ద పార్టీలేవీ పిలుపివ్వలేదు, చాలావరకు వాట్సాప్, ఫేస్‌బుక్‌ల మీదే పాకింది. మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఆగస్టులో పార్లమెంటు 18ఏ తెచ్చింది, 2020 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అట్రాసిటీ చట్టం ఇతర చట్టాల కన్నా పైచేయిగా ఉంటుందని సెక్షన్ 20 చెబుతోంది. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోమంటాం.

ఇంకొన్ని సంగతులు గబగబా. నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, అదే జీరో ఎఫ్‌ఐఆర్. ఈమెయిల్ ద్వారా పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. చార్జిషీటుకు 60 రోజుల గడువు ఉంది. విధి నిర్వహణలో నిర్లక్ష్యం చేసిన అధికారికి సెక్షన్ 4 కింద శిక్ష ఉంది, అందులో ఎలక్ట్రానిక్ రికార్డులను సరిగా తయారు చేయడం, అనువదించడం కూడా విధిగానే చెప్పారు. తెలుగులో ఉన్న తిట్టును ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు దాని విషం దిగిపోవడం మేము చూశాం. అనువాదం చదివి సంతకం పెట్టమని విద్యార్థులకు గట్టిగా చెబుతాం. ఈ చట్టం కింద విచారణలను వీడియో రికార్డు చేయాలని 15ఏ(10) అంటోంది. అడగనిదే ఇది జరగదు.

చట్టం మన వైపు తిరిగినప్పుడు

మన పిల్లలు ఫిర్యాదుదారులే కాదు, నిందితులూ అవుతున్నారు. 2013 ఆగస్టులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని విమర్శిస్తూ ఫేస్‌బుక్‌లో రాసినందుకు దళిత రచయిత కన్వల్ భారతిని రాంపూర్‌లో అరెస్టు చేశారు. ఆన్‌లైన్ రాతల మీద ఝుళిపించిన ఐటీ చట్టం 66ఏను 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కొట్టేసిన సెక్షన్ కింద కూడా పోలీసులు ఏళ్ల తరబడి కేసులు పెడుతూనే వచ్చారు. చివరికి 2022 అక్టోబరులో కోర్టు మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. ఎఫ్‌ఐఆర్ కాపీలో 66ఏ కనబడితే లాయరుకు వెంటనే చెప్పాలి.

ఫోన్ స్వాధీనం గురించి కూడా అడుగుతారు. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో గంజాయి తనిఖీల పేరుతో పోలీసులు రోడ్డు మీద యువకుల ఫోన్లు తీసుకుని వాట్సాప్ చాట్‌లు వెతికిన వీడియోలు మనందరం చూశాం. ఏయే బస్తీల్లో, ఎవరి ఫోన్లు వెతుకుతారో చెప్పనక్కర్లేదు. దర్యాప్తు కోసం పరికరం కోరే అధికారం చట్టంలో ఉంది, కానీ సోదానూ స్వాధీనాన్నీ ఆడియో, వీడియో రికార్డు చేయాలని బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 105 చెబుతోంది. పాస్‌వర్డ్ చెప్పమని బలవంతపెట్టొచ్చా అన్నదానిపై కోర్టులు ఒక్క మాట మీద లేవు. స్వాధీనం చేసుకుంటే అప్పటికప్పుడే హ్యాష్ విలువ తీసి పంచనామాలో రాయమని అడగాలి.

ఎందుకు అడగాలో భీమా కోరేగావ్ కేసు చెబుతుంది. 2018 ఏప్రిల్‌లో ఢిల్లీలోని రోనా విల్సన్ ఇంట్లో, నాగపూర్‌లోని దళిత లాయరు సురేంద్ర గాడ్లింగ్ ఇంట్లో కంప్యూటర్లు పట్టుకెళ్లారు. వాటిలో దొరికాయన్న లేఖలే కేసుకు ప్రధాన ఆధారం. డిఫెన్స్ కోరిక మీద అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ ఆ డిస్కు కాపీని పరీక్షించి 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక ప్రకారం 2016 జూన్ 13న వరవరరావు ఈమెయిల్ ఖాతాను వాడుతున్న ఎవరో విల్సన్‌కు ఒక ఫైలు పంపి, తెరవమని పదేపదే కోరారు. తెరవగానే నెట్‌వైర్ అనే దొంగ ప్రోగ్రాం లోపలికి చేరింది. తర్వాత దాదాపు 22 నెలలు ఆ కంప్యూటర్ ఇంకొకరి చేతుల్లో ఉంది. లేఖలను ఒక రహస్య ఫోల్డర్‌లో పెట్టారు. విల్సన్ వాటిని ఒక్కసారి తెరిచిన ఆనవాలు కూడా లేదు. గాడ్లింగ్ కంప్యూటర్‌లోనూ, 2021లో కస్టడీలోనే చనిపోయిన స్టాన్ స్వామి కంప్యూటర్‌లోనూ అదే పద్ధతి కనబడిందని తర్వాతి నివేదికలు చెప్పాయి. దర్యాప్తు సంస్థ ఈ నివేదికలను ఒప్పుకోలేదు. ఆనంద్ తేల్తుంబ్డే, వరవరరావు బెయిల్ మీద బయటికొచ్చేసరికే ఏళ్లు గడిచిపోయాయి.

ఈ కథ చెప్పాక సైబర్ భద్రత గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. తెలిసిన మనిషి నుంచి వచ్చినా సరే, అడగని ఫైలు వస్తే ఫోన్ చేసి కనుక్కోవాలి. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. దొంగ విండోస్ వాడొద్దు, అప్‌డేట్లు ఆపొద్దు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది, దాచకుండా చెప్పాలి. వేధింపు మెసేజ్‌ను కాపాడమంటాం, సంఘం చర్చలకు వాటంతటవే మాయమయ్యే మెసేజ్‌లు వాడమంటాం. ఈ రెండూ ఎప్పుడు ఏది అన్నది ముందే తేల్చుకోవాలి. కేసు నడుస్తుండగా సాక్ష్యం కాకుండా చేయాలని డిలీట్ చేస్తే అదే నేరమవుతుంది.

నెట్ సెంటర్ నుంచి మొదలు

మొదట్లో మేము పాస్‌వర్డ్‌లతో పాఠం మొదలుపెట్టేవాళ్లం. ఒక తరగతిలో పిల్లలను తమ జీమెయిల్ రికవరీ నంబర్ చూడమంటే, చాలామందికి ఊళ్లోని నెట్ సెంటర్ యజమాని నంబర్ కనబడింది. ఇంటర్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తు చేసేటప్పుడు ఇంట్లో ఫోన్ లేక, ఆయనే మెయిల్ తెరిచి తన నంబర్ వేసుకున్నాడు. ఆధార్, కులధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్ ఇంకా ఆ సెంటర్ కంప్యూటర్ డెస్క్‌టాప్ మీదే ఉంటాయి. ఆ రోజు నుంచి మా మొదటి పాఠం అదే. రికవరీ నంబర్ మార్చుకోవడం, పాత లాగిన్లు తీసేయడం.

స్కాలర్‌షిప్ పడిందంటూ ఓటీపీ అడిగే కాల్స్, లోన్ యాప్‌ల గురించి పిల్లలకే మాకన్నా ఎక్కువ తెలుసు. వాళ్లకు తెలియనిది మ్యూల్ ఖాతాల సంగతి. "నీ అకౌంట్ వాడుకోనివ్వు, నెలకు ఐదు వేలు" అని క్యాంపస్‌లో అడిగేవాళ్లున్నారు. ఏ దొంగసొమ్ము ఆ ఖాతాలోంచి వెళ్లినా పోలీసులు ముందు వచ్చేది ఖాతాదారు ఇంటికే. విదేశీ డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి విశాఖ ప్రాంత యువకులను కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన వ్యవహారం 2024లో బయటపడింది. సీబీఐ అధికారినని వీడియో కాల్ చేసి బెదిరించే 'డిజిటల్ అరెస్టు' అనేది ఏ చట్టంలోనూ లేదు. అసలు హాజరు నోటీసును వాట్సాప్‌లో పంపడమే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు పోలీసులకు చెప్పింది. కాబట్టి వాట్సాప్‌లో నోటీసు వస్తే అది మోసమైనా కావాలి, చెల్లని నోటీసైనా కావాలి.

మార్ఫింగ్ ఫోటోల పాఠం అమ్మాయిలకు విడిగా చెప్పండి, చెప్పేది మహిళే అయితే మంచిది. కలిపి చెప్పినప్పుడు ఎవరూ నోరు విప్పలేదు. స్టాప్ ఎన్‌సీఐఐ అనే సేవలో ఫోటోను ఎవరికీ పంపకుండా, ఫోన్‌లోనే దాని హ్యాష్ తీసి ఆ హ్యాష్‌ను మాత్రమే ఇస్తే, చేరిన సామాజిక మాధ్యమాలు ఆ ఫోటోను అడ్డుకుంటాయి. పొద్దున బస్తా కుట్టుగా నేర్చుకున్న హ్యాష్ మధ్యాహ్నానికి ఇలా అక్కరకొస్తుంది. ఫోటో అప్‌లోడ్ చేయనక్కర్లేదని తెలిసినప్పుడు ఆ గదిలో కనబడే ఊరట చూసి తీరాలి.

తరగతి చివర ఒక ఆట ఆడిస్తాం. ఉత్తుత్తి గ్రూపులో ఒకరు ఒక మెసేజ్ పెట్టి ఐదు నిమిషాల్లో తీసేస్తారు. ఒక జట్టు ఆధారాలు సేకరించి, హ్యాష్ తీసి, పార్ట్ ఏ నింపి, ఫిర్యాదు రాయాలి. ఇంకో జట్టు నిందితుడి లాయర్లుగా దాన్ని చీల్చి చెండాడాలి. మెసేజ్‌లో నిజమైన కులం తిట్టు వాడనివ్వం. దాని బదులు ఏదో కూరగాయ పేరు పెడతాం. మొన్నొకసారి 'వంకాయ' పెడితే, ఎదుటి జట్టు అమ్మాయి లేచి "వంకాయ అనడం అవమానమని ఫిర్యాదులో ఎక్కడ రాశారు?" అని అడిగింది. షాజన్ స్కారియా తీర్పు అప్పుడు అందరికీ అర్థమైంది.

ఎవరికి ఫోన్ చేయాలో బోర్డు మీద రాసే వెళ్తాం. డబ్బు మోసమైతే 1930, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. అత్యాచారాల ఫిర్యాదులకు 14566. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలోనే వాళ్ల కార్యాలయం ఉంటుంది, కులధ్రువీకరణ పత్రం తీసుకెళ్తే చాలు.